ఖాళీని ఖాళీగా రాయడం: కళాఖండాల యాజమాన్య చరిత్రపై విద్యార్థుల పరిశోధన

మ్యూజియం గోడకు వేలాడే చిత్రం పక్కన ఒక చిన్న పలక ఉంటుంది. దాని మీద చిత్రకారుడి పేరు, గీసిన సంవత్సరం, వాడిన రంగుల రకం, అడుగున దాత పేరు మాత్రమే కనిపిస్తాయి. చిత్రం పూర్తయిన రోజుకూ, దాత దాన్ని మ్యూజియానికి అప్పగించిన రోజుకూ మధ్య ఒక్కోసారి మూడు వందల ఏళ్లు గడిచి ఉంటాయి. ఆ మధ్యకాలంలో అది ఎవరి ఇంట్లో ఉంది, ఎవరు ఎవరికి అమ్మారు, ఇష్టపడి అమ్మారా లేక ప్రాణభయంతో అమ్మారా, అసలు అమ్మారా లేక ఎవరైనా ఎత్తుకుపోయారా అన్న సంగతులు ఆ పలక చెప్పదు. ఈ ప్రశ్నలకు సాక్ష్యాలతో సమాధానం వెదకడమే యాజమాన్య చరిత్ర పరిశోధన. మ్యూజియం రంగంలో దీన్ని ప్రావెనెన్స్ పరిశోధన అంటారు. స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు వరుసగా పరిశీలించినట్టే ఇక్కడా ఒక్కో చేతిమార్పిడికి ఒక్కో ఆధారం కావాలి. అయితే కళాఖండాలకు రిజిస్ట్రేషన్ కార్యాలయం ఏనాడూ లేదు కాబట్టి ఆ ఆధారాలు వేలం కేటలాగుల అంచుల్లోనూ, వీలునామాల్లోనూ, చిత్రాల వెనుక అతికించిన చిరుగు కాగితాల్లోనూ చెల్లాచెదురుగా మిగిలాయి.

ఒకప్పుడు ఈ చరిత్ర ప్రతిష్ఠకు సంబంధించిన విషయం. ఒక చిత్రం ఫలానా రాజు సేకరణలో ఉండేదని తేలితే దాని విలువ పెరిగేది, అసలుదేనన్న నమ్మకం కుదిరేది. 1998 డిసెంబరులో వాషింగ్టన్‌లో సమావేశమైన 44 దేశాలు, నాజీలు లాక్కున్న కళాఖండాలను గుర్తించి న్యాయమైన పరిష్కారం చూపాలని అంగీకరించిన తరువాత అదే చరిత్ర నైతిక బాధ్యతగా మారింది. 2012లో పన్ను దర్యాప్తులో భాగంగా జర్మనీ అధికారులు కార్నీలియస్ గుర్లిట్ అనే వృద్ధుడి మ్యూనిక్ ఫ్లాటులో సుమారు 1,400 కళాఖండాలను స్వాధీనం చేసుకోవడం, ఆ సంగతి 2013 నవంబరులో బయటపడడం మరో మలుపు. అతడి తండ్రి నాజీ పాలన కోసం చిత్రాలు కొని అమ్మిన డీలరు. ఆ కలకలం తరువాత 2015లో మాగ్డెబర్గ్ నగరంలో కోల్పోయిన సాంస్కృతిక సంపదకు జాతీయ కేంద్రం ఏర్పడింది, బాన్ విశ్వవిద్యాలయం ఈ విషయానికి ప్రత్యేకంగా ఆచార్య పదవినే నెలకొల్పింది. దాంతో విద్యార్థులకు ఇది ఏదో ఒక సెమినార్‌లో ప్రస్తావనకు వచ్చి పోయే అంశంగా కాక, చదువుకుని వృత్తిగా స్వీకరించదగిన రంగంగా తెరుచుకుంది.

విద్యార్థుల అవసరం ఎందుకు వచ్చిందన్నది తేలికగానే అర్థమవుతుంది. పెద్ద మ్యూజియంల గోదాముల్లో లక్షల వస్తువులు ఉంటాయి, ఒక్క చిత్రం వెనుక చరిత్రను తవ్వడానికే నెలలు పట్టవచ్చు. సేకరణల బాధ్యత చూసే క్యూరేటర్లకు ప్రదర్శనలు, కొనుగోళ్లు, అరువు ఒప్పందాలతోనే కాలం గడిచిపోతుంది. ఒక సెమిస్టరు పాటు ఒకే వస్తువును పట్టుకుని కూర్చునే ఓపిక, సమయం విద్యార్థికే ఉంటాయి. అయితే ఈ పనిలో విద్యార్థి నేర్చుకోవలసిన అసలు నైపుణ్యం ఆధారాలు వెదికి పట్టుకోవడం ఒక్కటే కాదు. ఆధారం దొరకని చోటును ఊహతో పూడ్చకుండా, అది ఖాళీ అని అందరికీ కనిపించేలా రాయగలగడం అంతకన్నా కష్టమైనది, అంతకన్నా అవసరమైనది.

పని చిత్రం వెనుక వైపు నుంచి మొదలవుతుంది. ముందు వైపు చిత్రకారుడిదైతే వెనుక వైపు యజమానులది. చెక్క చట్రం మీద వేలం సంస్థల స్టెన్సిల్ అంకెలు, ప్రదర్శనల లేబుళ్లు, కస్టమ్స్ ముద్రలు, లక్క ముద్రలు, సుద్దతో రాసిన గుర్తులు ఉంటాయి. లండన్‌లోని క్రిస్టీస్ వేలం సంస్థ తన దగ్గరకు వచ్చిన చిత్రాల చట్రాలపై నల్లని స్టెన్సిల్ అంకెలు వేసే అలవాటు చిరకాలంగా పాటించింది. ఆ అంకె చదవగలిగితే ఆ చిత్రం ఏ వేలానికి, ఎవరి తరఫున వచ్చిందో ఆ సంస్థ పాత రికార్డుల్లో వెదకవచ్చు. పారిస్‌లోని యూదు కుటుంబాల ఇళ్లను దోచిన నాజీ దళం తాను పట్టుకెళ్లిన ప్రతి వస్తువుకూ ఆ కుటుంబం పేరులోని అక్షరాలతో ఒక సంకేతం, వరుస అంకె వేసేది. యుద్ధం ముగిశాక, దొరికిన కళాఖండాలను ఒకచోట చేర్చడానికి మిత్రరాజ్యాలు మ్యూనిక్‌లో నెలకొల్పిన సేకరణ కేంద్రం వేసిన అంకెలు మరో జాడ. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న డచ్ చిత్రకారుడు వెర్మీర్ చిత్రం ‘ఖగోళ శాస్త్రజ్ఞుడు’ వెనుక నల్లసిరాతో వేసిన చిన్న స్వస్తిక ముద్ర నేటికీ ఉంది. 1940లో రోత్‌షీల్డ్ అనే యూదు బ్యాంకర్ల కుటుంబం నుంచి లాక్కున్న ఆ చిత్రం యుద్ధానంతరం వారికి తిరిగి చేరి, 1980 దశకంలో వారసత్వ పన్నుకు బదులుగా ఫ్రెంచి ప్రభుత్వానికి వచ్చింది. దోపిడీ, వాపసు, చట్టబద్ధమైన బదిలీ మూడూ ఈ ఒక్క చిత్రం చరిత్రలోనే ఉన్నాయి. వెనుక స్వస్తిక ముద్ర ఉన్నంత మాత్రాన నేటి యాజమాన్యం తప్పని కాదు, ఏ ముద్రా లేనంత మాత్రాన నిర్దోషమనీ కాదు. పాత కాన్వాసుకు కొత్త గుడ్డ అతికించినప్పుడో, చట్రం మార్చినప్పుడో వెనుక ఉన్న జాడలన్నీ చెత్తబుట్ట పాలైన సందర్భాలు కోకొల్లలు.

వస్తువు దగ్గర నుంచి కాగితాల దగ్గరకు వస్తే దారి మరింత చిక్కుగా ఉంటుంది. గూపిల్, నోడ్లర్ వంటి పాత ఆర్ట్ డీలర్ల స్టాక్ రిజిస్టర్లు లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ పరిశోధన సంస్థలో ఉన్నాయి, వాటిలో చాలా భాగం ఇప్పుడు ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో చూడవచ్చు. హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం జర్మన్ వేలం కేటలాగులను వేల సంఖ్యలో డిజిటల్ రూపంలో పెట్టింది. వనరులు ఇంత సులువుగా అందుబాటులోకి రావడం విద్యార్థులకు గొప్ప మేలు చేసింది, దానితోపాటు ఒక ప్రమాదాన్నీ తెచ్చింది. వెతుకులాట పెట్టెలో పేరు కొట్టి, మొదట కనిపించిన దాన్నే తాము వెదుకుతున్న చిత్రం అనుకునే తొందర పెరిగింది. ‘ఆవులతో ప్రకృతి దృశ్యం’ అన్న పేరుతో ఒకే చిత్రకారుడివి పదుల చిత్రాలు ఉండవచ్చు. ఒక కేటలాగు ఎత్తును ముందు రాస్తే మరొకటి వెడల్పును ముందు రాస్తుంది. ఒకరు అంగుళాల్లో, ఒకరు సెంటీమీటర్లలో, ఇంకొకరు చట్రంతో కలిపి కొలుస్తారు. 1850లో గురువు పేరుతో అమ్ముడైన చిత్రం 1920లో శిష్యుడి పేరుతో అమ్ముడుపోయి ఉండవచ్చు. వీటన్నిటికన్నా లోతైన గుంత వేలం ఫలితాల్లో ఉంది. ఆశించిన ధర పలకని చిత్రాన్ని యజమానే వెనక్కి తీసుకున్నప్పుడు, ఎవరో కొన్నట్టు ఒక కల్పిత పేరు పుస్తకంలో రాయడం పాత వేలంపాటల్లో మామూలే. ఆ పేరును నిజమైన కొనుగోలుదారుగా నమ్మిన విద్యార్థి లేని మనిషి జీవిత చరిత్ర కోసం వారాల తరబడి తిరుగుతాడు.

నిజంగా ఉన్న మనుషులు కూడా కాగితాల్లో మాయమవుతారు. ముఖ్యంగా స్త్రీలు. తండ్రి ఇంటి నుంచి చిత్రాన్ని వెంట తెచ్చుకున్న కూతురు పెళ్లి తరువాత భర్త పేరుతోనే నమోదవుతుంది, రెండో పెళ్లి చేసుకుంటే ఆ పేరూ మారుతుంది, దాత పలకపై చివరికి మిగిలేది ఆమె కొడుకు పేరు. అందుకే పెళ్లి రికార్డులు, వీలునామాలు, ఆస్తి పంపకాల జాబితాలు, మరణ ప్రకటనలు ఈ పరిశోధనలో కళా చరిత్ర గ్రంథాలతో సమానమైన బరువు మోస్తాయి. కళా విద్యార్థులు చాలామందికి ఇది మొదట్లో రుచించదు. చిత్రాన్ని చూసి ఆనందించడానికి వచ్చినవారిని మున్సిపల్ రికార్డుల గదిలో కూర్చోబెట్టినట్టు అనిపిస్తుంది. కాని ఒక చిత్రం ఎవరెవరి జీవితాల గుండా నడిచి వచ్చిందో తెలిసే చోటు ఆ గదే.

సేకరించినదాన్ని రాసే పద్ధతిలోనే ఈ శాస్త్రపు నిజాయితీ దాగి ఉంది. అమెరికన్ మ్యూజియంల సంఘం 2001లో వెలువరించిన మార్గదర్శిని ద్వారా స్థిరపడిన ఒక సంప్రదాయం ఉంది. యజమానుల పేర్లు మొదటి నుంచి చివరి దాకా వరుసగా రాస్తారు. ఒకరి నుంచి మరొకరికి వస్తువు నేరుగా చేరిందని ఆధారం ఉంటే ఇద్దరి మధ్య సెమికోలన్ పెడతారు, నేరుగా చేరిందో లేదో తెలియకపోతే ఫుల్‌స్టాప్ పెడతారు. ఉదాహరణకు, ఒక చిత్రం 1936 వరకు బెర్లిన్‌లోని ఒక బ్యాంకరు ఇంట్లో ఉందని ఒక ప్రదర్శన కేటలాగు చెబుతోంది అనుకుందాం. 1949లో జ్యూరిక్‌లోని ఒక డీలరు దాన్ని అమ్మినట్టు రశీదు ఉంది. ఈ రెండింటి మధ్య సెమికోలన్ పెడితే బ్యాంకరే డీలరుకు అమ్మాడని అర్థం వస్తుంది, చదివినవారు నిశ్చింతగా పేజీ తిప్పేస్తారు. ఫుల్‌స్టాప్ పెడితే 13 ఏళ్ల ఖాళీ కళ్లకు కడుతుంది. ఆ 13 ఏళ్లు ఏ 13 ఏళ్లో చరిత్ర తెలిసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఒక చుక్క వల్ల ఒక కుటుంబం వారసులకు దారి దొరకవచ్చు, ఆ చుక్క లేకపోతే ఆ దారి మూసుకుపోవచ్చు. మంచి మార్కుల కోసం, పూర్తయిన పనిలా కనిపించాలన్న ఆరాటంతో ‘బహుశా’ అన్న మాటను నెమ్మదిగా చెరిపేయడం ఈ రంగంలో చిన్న తప్పుగా లెక్కించదగినది కాదు.

ఆధారం ఉన్నా అది చెప్పేది ఒక్కటే కాకపోవచ్చు. అమ్మకపు రశీదు కనిపించగానే స్వేచ్ఛగా జరిగిన అమ్మకం అనుకోవడానికి వీల్లేని కాలాలు ఉన్నాయి. 1938 ఏప్రిల్‌లో నాజీ ప్రభుత్వం 5,000 రైష్‌మార్కులకు (నాటి జర్మన్ కరెన్సీ) మించిన ఆస్తి ఉన్న యూదులందరూ దాని వివరాలు సమర్పించాలని ఆజ్ఞాపించింది. దోపిడీకి సిద్ధం చేసిన ఆ జాబితాలే నేటి పరిశోధకులకు వాపసు ఇవ్వడానికి ఆధారాలయ్యాయి. డ్యూసెల్‌డార్ఫ్‌లో గ్యాలరీ నడిపిన మాక్స్ స్టెర్న్ యూదుడన్న కారణంగా వ్యాపారం చేసే హక్కు కోల్పోయి, 1937 నవంబరులో తన దగ్గరున్న రెండు వందలకు పైగా చిత్రాలను కొలోన్‌లో వేలానికి పెట్టవలసి వచ్చింది. కాగితం మీద అది మామూలు వేలమే. తరువాత కెనడాలో స్థిరపడిన స్టెర్న్ 1987లో మరణించినప్పుడు అతడి ఆస్తికి ముఖ్య వారసులు మూడు విశ్వవిద్యాలయాలు: మాంట్రియల్‌లోని కంకార్డియా, మెక్‌గిల్, జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయం. కంకార్డియా నాయకత్వంలో 2002లో మొదలైన అన్వేషణ ఇరవైకి పైగా చిత్రాలను రాబట్టింది. వాటిలో ఒకదాని విషయంలో 2008లో అమెరికా అప్పీలు కోర్టు స్టెర్న్ వారసుల వాదనను సమర్థించడంతో, బలవంతపు అమ్మకం దోపిడీతో సమానమన్న వాదనకు బలం చేకూరింది. ఒక విశ్వవిద్యాలయం స్వయంగా హక్కుదారుగా నిలబడి వెదకడం అరుదు. నష్టపోయినవారి వైపు నుంచి యాజమాన్య చరిత్రను చదివితే అదే రశీదు ఎంత వేరుగా కనిపిస్తుందో చూపడానికి ఇంతకన్నా మంచి పాఠం తరగతి గదికి దొరకదు.

కాగితమే అబద్ధమైతే పరిస్థితి ఇంకా జటిలం. బ్రిటన్‌లో జాన్ డ్రూ అనే మోసగాడు నకిలీ చిత్రాలు గీయించడంతో ఆగలేదు. పరిశోధకుడి వేషంలో టేట్ గ్యాలరీ, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆర్కైవుల్లోకి వెళ్లి, ఆ నకిలీలకు పాత చరిత్ర ఉన్నట్టు చూపే పత్రాలను అక్కడి ఫైళ్లలో చొప్పించాడు. 1999లో కోర్టు అతడికి ఆరేళ్ల జైలు శిక్ష విధించింది. సాధారణంగా పత్రాలు దొంగిలించకుండా ఆర్కైవులు కాపలా కాస్తాయి, పత్రాలు పెట్టి వెళ్లేవాడి గురించి ఆలోచించవు. ఆర్కైవులో ఉన్నంత మాత్రాన కాగితం నిజమైపోదన్న సంగతి ఆ కేసు తరువాత ఈ రంగంలో ఎవరూ మరిచిపోలేదు.

నకిలీ కాగితాల్లో తేదీలను గమనిస్తే ఒక సరళి కనిపిస్తుంది. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను నిషేధించే యునెస్కో ఒప్పందం 1970 నవంబరులో ఆమోదం పొందింది. ఆ సంవత్సరాన్ని చాలా మ్యూజియంలు హద్దుగా పెట్టుకోవడంతో, వస్తువు అంతకు ముందే, లేదా ఆ వస్తువు పుట్టిన దేశం ఎగుమతులను పూర్తిగా నిషేధించక ముందే బయటకు వచ్చిందని చూపే పత్రాలకు గిరాకీ పెరిగింది. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో సుమారు 40 లక్షల డాలర్లకు కొన్న బంగారు పూత పూసిన ఈజిప్టు శవపేటికకు 1971 మే నాటి ఎగుమతి అనుమతి పత్రం జతగా వచ్చింది. దాని మీద ముద్రలో దేశం పేరు ఈజిప్ట్ అరబ్ రిపబ్లిక్ అని ఉంది. ఆ పేరు అమల్లోకి వచ్చింది 1971 సెప్టెంబరులో. మే నెలలో ఆ దేశం అధికారికంగా యునైటెడ్ అరబ్ రిపబ్లిక్‌గానే ఉండేది. నిజానికి ఆ పేటిక 2011లో దోపిడీకి గురైందని తేలి 2019లో ఈజిప్టుకు తిరిగి వెళ్లింది. ఒక దేశం పేరు ఏ నెలలో మారిందో తెలిసిన విద్యార్థి పట్టుకోగలిగిన తప్పు అది. అంతటి సంస్థ నిపుణులు దాన్ని దాటి వెళ్లిపోయారంటే, కొనాలన్న ఆసక్తి కంటికి ఎలా పొర కమ్ముతుందో అర్థమవుతుంది.

ఫొటో ఒక్కోసారి ఏ కాగితంకన్నా బలంగా మాట్లాడుతుంది. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2005లో 5,95,000 అమెరికన్ డాలర్లకు బుద్ధుని ఆరాధకులను చూపే సున్నపురాయి శిల్పాన్ని ఒక న్యూయార్క్ డీలరు నుంచి కొన్నది. అది 1960 దశకంలోనే హాంకాంగ్‌లో ఒక ప్రైవేటు వ్యక్తి చేతికి వచ్చిందని వెంట వచ్చిన పత్రాలు చెప్పాయి. ప్రకాశం జిల్లా చందవరంలో 1970 దశకపు తవ్వకాల్లో బయటపడిన శిల్పం అదేనని పాత ఫొటోల ఆధారంగా తేలడంతో ఆ కథ కూలిపోయింది. భూమిలో ఉన్న శిల్పాన్ని హాంకాంగ్‌లో ఎవరూ కొనలేరు. 2016లో ఆ శిల్పం భారతదేశానికి తిరిగి వచ్చింది. తవ్వకాల నివేదికలు, ఆలయాల సర్వే ఫొటోలు, పాత స్థల మ్యూజియంల జాబితాలు ఎంత విలువైనవో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇటువంటి ఫొటోలకు తేదీ, స్థలం రాసిపెట్టి భద్రపరచడం కూడా యాజమాన్య చరిత్ర పరిశోధనలో భాగమే. ఆ పని చేయడానికి విదేశీ మ్యూజియంలోకి అడుగు పెట్టవలసిన అవసరం లేదు.

దొంగిలించిన కళాఖండాల డేటాబేసులో పేరు లేదన్న ధ్రువపత్రాన్ని కొందరు చివరి మాటగా తీసుకుంటారు. ఆ ధ్రువపత్రానికి ఉన్న అర్థం ఎవరూ ఫిర్యాదు నమోదు చేయలేదన్నంతవరకే. రహస్యంగా తవ్వి తీసిన వస్తువు భూమిలో ఉందనే ఎవరికీ తెలియదు కాబట్టి అది పోయిందని ఫిర్యాదు చేసేవారే ఉండరు.

వలస పాలన కాలంలో తరలిపోయిన వస్తువుల విషయంలో వెదకవలసిన చోట్లే మారిపోతాయి. అక్కడ వేలం కేటలాగులకన్నా ముందు సైనికాధికారుల డైరీలు, మిషనరీల లేఖలు, ఓడల సరుకు జాబితాలు, మ్యూజియంల చేరిక రిజిస్టర్లు వస్తాయి. 1897లో బ్రిటిషు సేనలు నేటి నైజీరియాలోని బెనిన్ నగరాన్ని దోచినప్పుడు చెదిరిపోయిన కంచు శిల్పాల్లో ఒక కోడిపుంజు శిల్పం కేంబ్రిడ్జిలోని జీసస్ కళాశాలకు చేరింది. అక్కడ చదువుకున్న ఒక విద్యార్థి తండ్రి దాన్ని 1905లో కళాశాలకు ఇచ్చాడు. 2016లో అక్కడి విద్యార్థి సంఘం దాన్ని తిరిగి ఇచ్చేయాలని తీర్మానించింది. అప్పటికి భోజనశాలలో ఉన్న శిల్పాన్ని అక్కడి నుంచి తీసేశారు. కళాశాల నియమించిన బృందం 2019 నుంచి రికార్డులు పరిశీలించి, అది బెనిన్ రాజదర్బారు నుంచి నేరుగా దోచినదేనని నిర్ధారించింది. 2021 అక్టోబరులో నైజీరియా ప్రతినిధులకు అప్పగించింది. ఇందులో విద్యార్థుల తీర్మానం ప్రశ్న లేవనెత్తితే, నిర్ణయానికి బలమిచ్చింది రికార్డుల పరిశీలన. తీర్మానం ఒక్కటే ఉంటే అది నినాదంగా మిగిలిపోయేది, రికార్డులు ఒక్కటే ఉంటే వాటిని తెరిచేవారే ఉండేవారు కాదు.

బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయం, కామెరూన్‌లోని పరిశోధకులు కలిసి 2023లో వెలువరించిన అధ్యయనం జర్మన్ ప్రభుత్వ మ్యూజియంల్లో కామెరూన్‌కు చెందిన 40,000కు పైగా వస్తువులు ఉన్నాయని లెక్క తేల్చింది. వాటిలో అత్యధిక భాగం ప్రదర్శనలో లేవు, గోదాముల్లో ఉన్నాయి. ఇటువంటి చోట్ల యూరప్ భాషలు మాత్రమే తెలిసిన పరిశోధకుడికి సగం ఆధారాలే అందుతాయి. వస్తువు పుట్టిన ఊరి భాష, అక్కడి వంశాల జ్ఞాపకం, దాని పూజావిధానం తెలిసినవారు ఆ వస్తువు అమ్మదగినదా కాదా అన్న ప్రశ్ననే వేరుగా అడుగుతారు. ఈ పరిశోధనను మ్యూజియంలు ఉన్న దేశాల విద్యార్థులకే వదిలేయడం అన్యాయం అనిపించేది ఇందుకే.

విద్యార్థుల శ్రమ మీద ఆధారపడే సంస్థలకు కొన్ని బాధ్యతలు ఉన్నాయి. ఫైలు చూడనిచ్చేది మ్యూజియమే, ఫలితం వల్ల వస్తువు కోల్పోయేదీ మ్యూజియమే. ఇబ్బందికరమైన జాడ కనిపించినప్పుడు దాన్ని ఎవరికి చెప్పాలో, వారసులకు కబురు ఎవరు పంపాలో, ఎంత గడువులో పంపాలో సెమిస్టరు మొదలయ్యే ముందే రాతపూర్వకంగా తేల్చుకోకపోతే ఆ బరువు ఇరవై ఏళ్ల విద్యార్థి మీద పడుతుంది. వాపసు నిర్ణయం విద్యార్థి పని కాదు. ఆధారాన్ని ఉన్నది ఉన్నట్టు ముందుంచడం మాత్రమే అతడి పని. వేతనం లేకుండా శిక్షణ పేరుతో ఏళ్లపాటు ఇదే పని చేయించుకోవడం కూడా సరైనది కాదు, ఎందుకంటే ఇది సంస్థ తన సొంత సేకరణ విషయంలో తీర్చుకోవలసిన బాధ్యత.

సెమిస్టరు ముగిశాక ఆ పని ఎక్కడికి పోతుందన్నది అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యే సంగతి. చాలాసార్లు అది మార్కులు పడిన వ్యాసంగా ఆచార్యుల అలమరలో మిగిలిపోతుంది. కొన్నేళ్లకు మరో విద్యార్థి అదే చిత్రాన్ని తీసుకుని అదే కేటలాగులు మళ్లీ తిరగేస్తాడు. దీనికి విరుగుడు కష్టమైనది కాదు. ప్రతి వస్తువు ఫైలులో పరిశోధన చేసిన తేదీ, తెరిచిన ఆర్కైవులు, చూసిన కేటలాగుల సంవత్సరాలు, ఏమీ దొరకని చోట్లు కూడా రాసి ఉంచాలి. ఫలానా వేలం సంస్థ 1925 నుంచి 1933 వరకు వెలువరించిన కేటలాగులన్నీ చూశాం, ఈ చిత్రం కనిపించలేదు అన్న వాక్యం తరువాత వచ్చేవారికి నెలల శ్రమ మిగులుస్తుంది. ఆ ఫైలులోని యాజమాన్య చరిత్రను ఫుల్‌స్టాపులతో సహా మ్యూజియం వెబ్‌సైట్‌లో వస్తువు పేజీలోనే పెడితే, ఆ ఖాళీ సంవత్సరాల సమాధానం తమ ఇంటి పాత ఆల్బంలో ఉన్న వ్యక్తి దాన్ని చూసే అవకాశం కలుగుతుంది.